పేరెంట్స్ కూర్చునే హాలు

జూలై 9, బుధవారం

సీటు వచ్చింది. ఎం.ఏ. జాగ్రఫీ.

కుక్కర్ కూత పెడుతుంటే ఫోన్లో చూశాను. నమ్మకం కలగక స్టవ్ ఆపి మళ్ళీ చూశాను. పేరు నాదే, నంబరు నాదే, వయసు చూసి తప్పు అనుకుంటారేమో గానీ తప్పు లేదు.

ఈ డైరీ కొత్త సంవత్సరానికి ఆయన ఆఫీసులో ఇచ్చారు. ఇన్నాళ్ళూ ఫ్రిజ్ మీద దుమ్ము పట్టి ఉంది. తెలుగులో రాస్తే ఈ ఇంట్లో నాకు భయం లేదు. ఇషితకు తెలుగు వింటే అర్థమవుతుంది గానీ చదవడం రాదు. అత్తయ్యకు కళ్ళద్దాలు ఎప్పుడూ దొరకవు. ఆయనకు చదవడం వచ్చు, ఓపిక లేదు.

పెళ్ళికి ముందు వాల్తేరులో సీటు వచ్చింది. ఇదే సబ్జెక్టు. సంబంధం కుదిరింది కదా, ఢిల్లీ వెళ్ళాక వచ్చే ఏడు చేరుదువుగాని అన్నారు. ఆ వచ్చే ఏడు రావడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది. ఏడుపొచ్చింది. సంతోషంతోనే.

సాయంత్రం అందరికీ చెప్పాను. ఆయన శభాష్ అని, రోజూ వెళ్ళాలా అని అడిగారు. ఇషిత గట్టిగా కౌగిలించుకుని, తన స్కూల్లో మాత్రం ఎవరికీ చెప్పొద్దని హిందీలో షరతు పెట్టింది. పన్నెండో తరగతి పిల్లలకు తల్లులంటే సిగ్గు. అత్తయ్య పాయసం చేయాల్సిందేనంది. చేసింది నేనే.

జూలై 15, మంగళవారం

కావలసిన కాగితాల జాబితా యూనివర్సిటీ వాళ్ళు పెట్టారు. మైగ్రేషన్ సర్టిఫికెట్ కోసం విజయనగరంలో తమ్ముడు సాయినాథ్ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. డిగ్రీ అయ్యాక నేను దాన్ని తీసుకోనే లేదు. ఎక్కడికీ వెళ్ళనిదానికి అప్పుడు ఎందుకనిపించింది.

ఫొటో దిగడానికి మార్కెట్‌కు వెళ్ళాను. పాస్‌పోర్టుకా అని అడిగాడు. కాలేజీ అడ్మిషన్‌కు అన్నాను. "బిటియా కా ఎడ్మిషన్? తో ఉసీ కో లాయియే, ఫోటో ఉస్కీ లగేగీ" అన్నాడు. సీటు అమ్మాయిదైతే అమ్మాయినే తీసుకురావాలట. అవునన్నట్టు తలూపి, బిటియా మళ్ళీ వస్తుందని చెప్పి వచ్చేశాను. షాపులో రద్దీగా ఉంది. వేరే షాపులో దిగాను, బ్యాంకు పని అని చెప్పి.

జూలై 19, శనివారం

గ్యాప్ సర్టిఫికెట్ అని ఒకటుంది. చదువుకూ చదువుకూ మధ్య ఖాళీ ఉంటే, ఆ కాలంలో ఏం చేశావో స్టాంపు కాగితం మీద రాసి నోటరీ సంతకం చేయించాలి. పిల్లలకు ఏడాది, రెండేళ్ళు ఉంటుంది. నాది చెప్పగానే కోర్టు దగ్గర టైపు చేసే ఆయన వేళ్ళు ఆపి తలెత్తి చూశాడు.

అతని దగ్గర మాటలన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఈ కాలంలో నేను ఇంటి దగ్గర ఖాళీగా ఉన్నాను, ఎక్కడా చేరలేదు, ఏ నేరంలోనూ పాల్గొనలేదు. చదివేసరికి ఒళ్ళు మండింది. ఖాళీగానా? మామయ్యకు పక్షవాతం వచ్చిన ఆరేళ్ళూ మంచం దగ్గర ఉన్నది ఎవరు? మా కాలనీ సెక్టారులో సగం మంది పిల్లలకు సోషల్ ట్యూషన్ చెప్పి గట్టెక్కించింది ఎవరు? ఆ మాట మార్చండి అన్నాను. ఫార్మాట్ ఇదే మేడమ్, మారిస్తే వాళ్ళే ఒప్పుకోరు అన్నాడు. అని నాకు టీ తెప్పించాడు. అల్లం వేసిన టీ. టీ తాగాక మనిషితో ఎలా పోట్లాడతాం? సంతకం పెట్టేశాను.

నేరాలు చేయలేదన్నది మాత్రం నిజమే.

జూలై 27, ఆదివారం

ఇషిత నాకు గురువైంది. కాగితాలన్నీ స్కాన్ చేయడం, ఫైలు సైజు తగ్గించడం, రోజూ ఈమెయిల్ చూసుకోవడం నేర్పింది. తన బ్యాగు ఇస్తానంటే వద్దన్నాను, దాని మీద పిల్లి బొమ్మలున్నాయి. కొత్తది కొన్నాం. చీర కట్టుకోనా, చుడీదార్ వేసుకోనా అని అడిగితే, "మమ్మీ, బస్ కంఫర్టబుల్ రహో" అంది. నాకు హాయిగా ఉంటే చాలట.

మెట్రో దారి కూడా తేలింది. ఫరీదాబాద్ నుంచి సెంట్రల్ సెక్రటేరియట్ దాకా ఆయనతో కలిసి వెళ్తాను. ఆయన ఆఫీసుకు దిగుతారు, నేను లైను మారతాను. పెళ్ళయ్యాక పొద్దున్నే ఇద్దరం కలిసి బయటికి వెళ్ళడం ఇదే మొదలు. పైకి అనలేదు గానీ నాకు భలే సరదాగా ఉంది.

జూలై 31, గురువారం

రేపు ఓరియెంటేషన్. కాగితాలు మూడు సెట్లు. బ్యాగు తలుపు పక్కన పెట్టాను.

రేపు బయల్దేరేటప్పుడు ఇషిత ఎదురు రావాలని అత్తయ్య ఇప్పుడే చెప్పేసింది. ఆవిడ మాత్రం మామయ్య పోయినప్పటి నుంచీ ఎవరికీ ఎదురు రాదు. ఎవరైనా బయల్దేరుతుంటే వంటింట్లోకి వెళ్ళి తలుపు చేరవేసుకుంటుంది. మేమెవరమూ అలా చేయమనలేదు. మానేయమంటే వినదు.

ఆగస్టు 1, శుక్రవారం

ఓరియెంటేషన్ అయింది. బాగా జరిగింది. టీ కూడా ఇచ్చారు.

ఆగస్టు 2, శనివారం

ఎలా జరిగిందని ముగ్గురూ విడివిడిగా అడిగారు. బాగా జరిగిందన్నాను. జరిగింది కదా. అందులో అబద్ధమేమీ లేదు.

ఆగస్టు 4, సోమవారం

అందరికీ ఈమెయిల్ వచ్చింది. అసలు కాగితాలు స్వయంగా తెచ్చి తనిఖీ చేయించుకోనివాళ్ళు ఈ శుక్రవారం సాయంత్రంలోగా రావాలి, రాకపోతే సీటు వెయిటింగ్ జాబితాలో తర్వాతివాళ్ళకు పోతుంది అని.

ఈ డైరీలో కూడా బుకాయిస్తే నిజం ఇంకెక్కడ రాసుకుంటాను? మొన్న శుక్రవారం జరిగింది ఇది.

గేటు దగ్గర వాలంటీర్ అమ్మాయి ఉంది, నవ్వు ముఖం. నన్ను చూడగానే "ఆంటీ, పేరెంట్స్ ఇస్ తరఫ్" అని చేయి పట్టుకుని అటు నడిపించింది. చినుకులు పడుతుంటే గొడుగు కూడా పట్టింది. అంత మర్యాద చేస్తున్న పిల్లతో, కాదమ్మా, స్టూడెంట్‌ను నేనే అని ఎలా అనను? హాల్లోకి వెళ్ళాక చెబుదామనుకున్నాను. హాల్లో మెత్తటి కుర్చీ వేసి టీ ఇచ్చింది. టీ తాగాక చెబుదామనుకున్నాను. ఈలోగా పెన్ను తీసి "బచ్చే కా నామ్?" అని పిల్ల పేరు అడిగింది. నా నోట్లోంచి నా పేరే వచ్చింది. దాన్ని ఒక ట్యాగు మీద రాసి నా మెడలో వేసింది. పేరెంట్ ఆఫ్ లలితకుమారి.

ఇంక అప్పుడేం చెప్పను? ఆ పిల్ల చిన్నబుచ్చుకుంటుంది, హాలంతా నవ్వుతుంది.

పక్కన రోహ్‌తక్ నుంచి వచ్చినావిడ కూర్చుంది. మీ అమ్మాయిది ఏ సబ్జెక్టు అని అడిగింది. జాగ్రఫీ అన్నాను. తెలివైనదా అంది. డిగ్రీలో కాలేజీ ఫస్టు, మ్యాపులంటే ప్రాణం అన్నాను. మరి దిగులెందుకు పడుతున్నారంది. మొహమాటం ఎక్కువండీ, నోరు తెరిచి తనకేం కావాలో చెప్పదు అన్నాను. ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసి, ఇక్కడికి వచ్చిందిగా, అదే నేర్చుకుంటుందిలెండి అంది.

కిటికీలోంచి ఎదుటి భవనం కనిపిస్తోంది. అక్కడ పిల్లలు కాగితాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. అది నా వరస. సాయంత్రం దాకా దాన్ని చూస్తూ కూర్చుని, రోహ్‌తక్ ఆవిడతో కలిసి బయటికొచ్చి, మెట్రో ఎక్కి ఇంటికొచ్చాను.

రేపు వెళ్ళి పని పూర్తి చేసుకుంటాను. ఎంతసేపు పడుతుంది.

ఆగస్టు 5, మంగళవారం

వెళ్ళాను. గేటు దగ్గర చాలా రద్దీగా ఉంది. రేపు వెళ్తాను.

టిఫిన్ డబ్బా ఎదుటి పార్కులో తిన్నాను. క్లాసులెలా ఉన్నాయని ఆయన మెట్రోలో అడిగారు. ఇంకా పరిచయాలే అవుతున్నాయన్నాను.

ఆగస్టు 6, బుధవారం

రద్దీగా ఉంది.

నిజానికి గేటు దగ్గర ఎవరూ లేరు. ఆ వాలంటీర్ అమ్మాయి ఒక్కతే కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. నన్ను గుర్తుపట్టి, ఆంటీ, బేటీ కైసీ హై అని అమ్మాయి గురించి అడిగితే ఏం చెప్పను? రోడ్డు అవతలి నుంచే వెనక్కి తిరిగాను.

ఇంటికొచ్చాక అత్తయ్య శనగలు నానబెట్టాలి, కలశానికి కొత్త జాకెట్ గుడ్డ తెచ్చావా అని అడిగింది. శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. నాకు గుర్తే లేదు. ఇంక శుక్రవారం యూనివర్సిటీకి ఎలా కుదురుతుంది? రేపంతా పిండివంటలు. ఇది నా చేతిలో లేదు. దేవుడి పని ముందు. పోతే పోయింది సీటు, ఆ తర్వాతి పిల్ల ఎవరో బాగుపడుతుంది, పుణ్యం.

పుణ్యమట. రాసి చూసుకుంటే నాకే అసహ్యంగా ఉంది.

ఆగస్టు 7, గురువారం

క్లాసులకు సెలవని చెప్పి ఇంట్లోనే ఉన్నాను. బూరెల పూర్ణం చేస్తున్నాను. స్కూలు నుంచి వచ్చిన ఇషిత మెట్రో కార్డు కోసం నా పర్సు వెతికింది. కార్డు బదులు ఆ ట్యాగు దొరికింది. వంటింట్లోకి తెచ్చి, "మమ్మీ, యే క్యా హై?" అంది. క్యాంటీన్ కూపన్ అన్నాను. అది ఇంకోసారి చదివింది. పేరెంట్ ఆఫ్ లలితకుమారి. ఇంగ్లీషులో ఉంది, చదవలేకపోవడానికి తెలుగు కాదుగా.

నవ్వుతుందనుకున్నాను. నవ్వినా బాగుండేది.

"తుమ్ పేరెంట్స్ మే బైఠీ రహీ? పూరా దిన్?" అని, రోజంతా అక్కడే కూర్చున్నానా అన్నట్టు చూసి, నా చేతిలోంచి గరిటె తీసుకుని స్టవ్ కట్టేసింది. అప్పుడు ఏడ్చాను. కన్నకూతురి ముందు, ముక్కు చీదుకుంటూ. అన్నీ చెప్పేశాను, పార్కులో డబ్బా తిన్న సంగతితో సహా. రేపే ఆఖరని కూడా చెప్పాను.

ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగి, ఆయనకూ అత్తయ్యకూ నేనే చెప్పాను. ఇషిత చెబితే నవ్వులపాలవుతానేమోనని భయం. చెబుతున్నంతసేపూ ఎవరి ముఖమూ చూడలేదు. ఆయన చెప్పులు కూడా విప్పకుండా అలాగే నిలబడ్డారు. "రోజూ వెళ్ళాలా అన్నాను కదా, అందుకా?" అన్నారు. కాదన్నాను. ఆయన్ని పట్టుకుని ఇంకా ఏడవాలనిపించింది. పార్లమెంటు సమావేశాలు జరుగుతున్నాయి, ఆయన మంత్రిత్వశాఖలో ఎవరికీ సెలవు ఇవ్వరు. అయినా అడుగుతానన్నారు. అక్కర్లేదు, నేను వెళ్తానని ఇషిత ఇంగ్లీషులో ప్రకటించింది.

వ్రతం ఉంది కదా అన్నాను. నాకు మిగిలిన సాకు అదొక్కటే.

అత్తయ్య దేవుడి అలమారా దగ్గర కూర్చుని వత్తులు చేస్తోంది. తలెత్తలేదు. "శ్రావణంలో ఏ శుక్రవారమైనా చేసుకోవచ్చే. అమ్మవారు వచ్చే వారం కూడా వస్తుంది. నీ కాలేజీవోళ్ళు వస్తారేటి?" అంది. ఆ తర్వాత, మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఎత్తుకుని, ఇషిత వింటోందని సగంలో మింగేసింది. మిగతా సగం ఏమిటని ఇషిత పడుకునేదాకా వేధించింది. ఎవరమూ చెప్పలేదు.

పూర్ణం ఫ్రిజ్‌లో పెట్టాను. మనసు తేలికపడింది. భయం మాత్రం పోలేదు.

ఆగస్టు 8, శుక్రవారం

రాయాల్సింది చాలా ఉంది, నిదానంగా రాస్తాను. ఆ పూర్ణంతో సాయంత్రం వేసిన బూరెల మీద ఈగలు వాలకుండా ఆయన మూత పెట్టారు, ఆ పూచీ నాకు లేదు.

పొద్దున ముగ్గురం లిఫ్టు ముందు నిలబడ్డాం. ఇషిత నాతోనే వస్తోంది కాబట్టి ఎదురు వచ్చేవాళ్ళు లేరు. పోనీలే అనుకున్నాను. లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. లోపల అత్తయ్య. చేతిలో నీళ్ళ చెంబు. వంటింట్లో ఉందనుకున్న మనిషి, మోకాళ్ళ నొప్పులతో మెట్లు పట్టుకుని కింది అంతస్తుకు దిగి, అక్కడ లిఫ్టెక్కి పైకి వచ్చింది. "మీరు ఇప్పుడే బయల్దేరతారని నాకేటి తెలుసు? కిందికి పనుండి వెళ్ళేను" అని విసుక్కుంటూ మమ్మల్ని దాటుకుని లోపలికి వెళ్ళిపోయింది. వంగి కాళ్ళకు దణ్ణం పెట్టే వ్యవధి కూడా ఇవ్వలేదు.

సెంట్రల్ సెక్రటేరియట్‌లో ముగ్గురం దిగాం. మేం లైను మారి రైలెక్కాక, తలుపులు మూసుకునేదాకా ఆయన ప్లాట్‌ఫారం మీదే నిలబడ్డారు. అది ఆయనకు అలవాటు లేని పని.

ఆఖరి రోజు కాబట్టి గేటు దగ్గర నిజంగానే రద్దీగా ఉంది. తల్లిదండ్రుల కోసం షామియానా వేశారు. ఆ అమ్మాయే ఉంది, అదే నవ్వు. "అరే ఆంటీ, ఆయియే, పేరెంట్స్ ఉస్ తరఫ్" అంది. సిగ్గు లేకుండా నా కాళ్ళు అటే తిరిగాయి.

ఇషిత నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. స్కూలు బ్యాగులోంచి ఆ ట్యాగు తీసి, తన మెడలో వేసుకుని, ఆ అమ్మాయికి ముందు తనను, తర్వాత నన్ను చూపించింది.

"పేరెంట్ మై హూఁ. స్టూడెంట్ యే హైఁ."

ఆ అమ్మాయి ట్యాగు చదివింది. నన్ను చూసింది. తన చేతిరాతే అయినా, రెండోసారి చదవాల్సి వచ్చింది. నాలిక కరుచుకుని, మరి ఆ రోజు చెప్పలేదేం ఆంటీ అంది. మీరు టీ ఇచ్చారు కదా అన్నాను. దానికి ఆ పిల్ల నవ్వాపుకోలేకపోయింది. నాకూ నవ్వొచ్చింది. వారం రోజులు నేను భయపడి చచ్చిన అవమానం ఇంతే. నలుగురు వెనక్కి తిరిగి చూశారు, ముందుకు తిరిగారు.

వరసలో నిలబడ్డాను. నా ముందు పిల్లలు నన్ను చూసి, ఆంటీ మీరు ముందుకు వెళ్ళండి అన్నారు. వద్దు, నా వంతు వచ్చినప్పుడే వెళ్తానన్నాను. ఆ వరసలో నిలబడడం నాకు కావాలి.

బల్ల దగ్గరి గుమస్తా కాగితాలు ఒక్కొక్కటే తిరగేసి గ్యాప్ సర్టిఫికెట్ దగ్గర ఆగాడు. "బాయీస్ సాల్? ఖాలీ?" అన్నాడు. ఇరవై రెండేళ్ళూ ఖాళీగానా అని. టీ కూడా లేదు తాగి ఊరుకోవడానికి.

"ఖాళీగా లేను సర్," అన్నాను, హిందీలో. మామయ్య సంగతి చెప్పాను. ట్యూషన్ల సంగతి చెప్పాను. ఒకసారి మొదలుపెట్టాక వాల్తేరు సీటు సంగతి కూడా చెప్పాను. అతను ఒక్క ముక్క విన్నట్టు లేదు. ముద్ర కొట్టి, సంతకం చేయించుకుని, నెక్స్ట్ అన్నాడు. అతను వినకపోతేనేం, నేను చెప్పాను. నా వెనకున్న పిల్ల మాత్రం విని, మీరు సోషల్ చెబుతారా, మాకు నోట్సు ఇస్తారా అని అడిగింది.

ఐడీ కార్డు చేతికిచ్చారు. బ్యాంకు పని కోసమని దిగిన ఫొటో. ముఖం ముడుచుకుని ఉంది. ఉండనీ.

బయటికొస్తే ఇషిత షామియానా కింద నలుగురు తల్లిదండ్రుల మధ్య కూర్చుని టీ తాగుతోంది. మెడలో ట్యాగు అలాగే ఉంది. ఎవరో పెద్దాయనతో నా గురించే చెబుతోంది. చదువులో తెలివైనదే గానీ, "మేరీ వాలీ థోడీ షై హై, అంకుల్. కుఛ్ మాంగ్తీ హీ నహీఁ" అంటోంది. మొహమాటం ఎక్కువట, ఏమీ అడగదట. ఆయన గంభీరంగా తలూపి, మా వాడూ అంతే, హాస్టల్లో సర్దుకుంటాడో లేదో అన్నాడు.

నేను కార్డు తీసి చూపించాను. ఇషిత దాన్ని చేతిలోకి తీసుకుంది. కళ్ళు తుడుచుకుని, తల్లులు అడిగేవన్నీ అడిగింది. టైమ్ టేబుల్ తీసుకున్నావా, లైబ్రరీ ఎక్కడో చూశావా, ఎవరైనా ఫ్రెండయ్యారా. అన్నిటికీ జవాబు చెప్పాను. చివరికి తెలుగులో, నత్తి నత్తిగా, "ఆకలి వేస్తోందా?" అంది. వేస్తోందన్నాను. ఇద్దరం గేటు బయట ఛోలే కుల్చే తిన్నాం.

ఇంటికొచ్చాక ఆ ట్యాగును ఫ్రిజ్ తలుపుకు తగిలించింది. పేరెంట్స్ మీటింగ్ ఎప్పుడో ముందే చెప్పాలట, తనకు తీరిక చూసుకోవాలట. స్కూల్లో ఎవరికైనా చెప్పావా అని అడిగాను. క్లాసు గ్రూపులో నా కార్డు ఫొటో పెట్టేసిందట. ముఖం ముడుచుకున్న ఫొటో. తిట్టాను గానీ, తిట్టినట్టు ఎవరికీ అనిపించలేదు.

అత్తయ్య కళ్ళద్దాలు వెతికించి మరీ కార్డు చూసింది. ఇంటిపేరు మనదే వేశారు అని తృప్తిపడింది.

ఆగస్టు 11, సోమవారం

మొదటి క్లాసు. ప్రొఫెసర్ ఇషిత కంటే పదేళ్ళు పెద్దదేమో, అంతే. హాజరు పిలిచింది. లలితకుమారి అనగానే లేచి నిలబడి, ప్రెజెంట్ మేడమ్ అన్నాను. క్లాసంతా తిరిగి చూసింది. ఇక్కడ ఎవరూ లేచి నిలబడరట.

రేపటి నుంచి కూర్చునే చెబుతాను.